శ్రోత్రమును అదృష్టమును

బిడ్డకు చెవులు వినబడుట లేదని పరీక్షలలో తేలిన నాడు ఇంటిలోనివారి నోట వెలువడు మొదటి ప్రశ్న వైద్యమునకు సంబంధించినది కాదు. ఏ మిషను కొనవలెను, ఎక్కడ కొనవలెను, ఎంత యగును అను ప్రశ్నలు తరువాతి దినములలో వచ్చును. మొదటిది మాత్రము, ఎవరు చేసిన పాపమిది, అనునదే. ఈ ప్రశ్నను పామరుల మూఢత్వమని త్రోసివేయుట నేటి చదువరులకు తేలిక. కాని మన దర్శనకారులలో మాటను తూచి ప్రయోగించుటకు పేరుపడిన వైశేషికులే దీనికొక సమాధానము వ్రాసి పెట్టియుండగా, దానిని విప్పి చూడకయే ప్రశ్నను పరిహసించుట న్యాయము గాదు.

వారి సిద్ధాంతమున శబ్దము ఆకాశముయొక్క గుణము. ఆకాశమొక్కటే, అది నిత్యము, సర్వవ్యాపి. కన్ను తేజస్సుతోను, ముక్కు పృథివితోను, నాలుక జలముతోను ఏర్పడినట్లు చెవి వేరొక ద్రవ్యముతో నిర్మింపబడినది కాదు; కర్ణరంధ్రముచేత పరిచ్ఛిన్నమైన ఆకాశభాగమే శ్రోత్రేంద్రియము. మన తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున బాలుర సుఖబోధకై చెప్పినదియు నిదియే. అయితే ఇక్కడ వారికొక చిక్కు వచ్చిపడినది. ఆకాశము చెడునది కాదు, తరుగునది కాదు. అట్టి ఆకాశమే చెవి యైనపుడు చెవుడెక్కడనుండి వచ్చును? ప్రశస్తపాదుడు వెనుదీయక సమాధానము చెప్పినాడు: ఆ ఆకాశఖండమును ఫలాని జీవుని భోగమునకు సాధనముగా బంధించి యుంచునవి ఆ జీవుని ధర్మాధర్మములే, ఆ బంధమున వైకల్యము కలిగినపుడు ఆకాశమున్నను, రంధ్రమున్నను, వినికిడి యుండదు. తార్కికులు అదృష్టమని వ్యవహరించునది ఇదియే.

ఈ మాట కఠినముగా తోచవచ్చును గాని, దీని వెనుక నున్నది నిర్దయ కాదు, ఒక ఆలోచనాపరుని నిజాయితీ. కనబడు కారణములన్నియు చక్కగా నుండి కార్యము మాత్రము పుట్టనపుడు, కనబడని కారణమొకటి యుండవలెనని ఒప్పుకొనుట తప్ప ఆయనకు గత్యంతరము లేకపోయినది. కర్ణభేరికి లోపల మూడు చిన్న ఎముకలును, వాని కావల సుమారు రెండున్నర చుట్లు తిరిగిన కాక్లియా అను నాళమును గలవనియు, అందలి సుమారు 15,000 రోమకణములు గాలి తెచ్చిన కంపనమును నాడి మోయదగిన సంకేతముగా మార్చుననియు, ఆ కణములు పుట్టుకతోనే లోపించినను, పిదప నశించినను మరల మొలవవనియు తెలిసికొను సాధనము ఆనాడు లేదు. తెలిసియుండినచో ఏమి వ్రాసియుండెడివాడో మనము ఊహింపవచ్చును; ఏలయన, దృష్టకారణము దొరకుచుండగా అదృష్టమును కల్పించుట అన్యాయ్యమని మన శాస్త్రకారులే నియమము పెట్టుకొనియున్నారు.

ఆ నియమమును మన యిండ్లలో ఎందరు పాటించుచున్నారు? పసితనపు చెవుడునకు దృష్టకారణములు నేడు కావలసినన్ని తెలిసియున్నవి. గర్భిణికి సోకిన రుబెల్లా, నెలలు నిండని కాన్పు, శిశువునకు మితిమీరిన పచ్చకామెర్లు, మెదడుపొరల జ్వరము, ప్రాణము నిలుపుటకై వేయక తప్పని జెంటామైసిన్ వంటి మందులు, ఇవన్నియు అందులోనివే. అన్నిటికంటె పెద్ద పాలు వంశపారంపర్యముగా వచ్చు జన్యువులది. కనెక్సిన్ 26 అను ప్రోటీనుకు సంబంధించిన జన్యువు తల్లియందొకటి, తండ్రియందొకటి లోపముతో నున్నను వారిరువురును చక్కగా విందురు. ఆ రెండును బిడ్డలో కలిసినపుడే చెవుడు బయటపడును, అట్లు కలియుటకు ప్రతి కాన్పునందును నాల్గింట నొక పాలు అవకాశము కలదు. మేనరికములు అరుదుకాని మన ప్రాంతములలో, ఒకే తాతనుండి దిగివచ్చిన రెండు జన్యువులు ఒక ఉయ్యాలలో కలిసికొనుట ఆశ్చర్యము కాదు.

నాకు పరిచితుడైన యొకాయన ధాన్యపు మిల్లులో గుమాస్తా. ఆయన కుమార్తెకు రెండవ యేడు నడచుచున్నను మాటలు రాలేదు. పిలిచినచో పలుకుచునే యుండుటవలన ఎవరును చెవులను శంకింపలేదు. ఆ పిల్లకు లోపించినది ముఖ్యముగా హెచ్చు పౌనఃపున్యములు గల ధ్వనులు. అమ్మ, మామ అను మాటలలోని మకారమును, అచ్చులును దిగువ స్థాయిలోనివి కావున దగ్గర నుండి పిలిచినపుడు చెవికి చేరుచుండెను. సకార శకారములు ఆమె ప్రపంచములో లేనేలేవు. సీసా అన్నచో ఆమెకు వినబడినది ఈ, ఆ అను రెండు అచ్చులే. తలుపు వేసినచో తిరిగి చూచుచున్నదనియు, కొందరు పిల్లలకు మాటలు ఆలస్యముగా వచ్చుననియు, మేనమామకు కూడ మూడేండ్లకు గాని మాట రాలేదనియు చెప్పుకొనుచు కాలము గడపినారు. తుదకు నగరమున బిడ్డను నిద్రపుచ్చి, నుదుటను చెవుల వెనుకను తీగలంటించి బెరా పరీక్ష చేసిన పిదప సంగతి తేటపడినది.

ఆ సాయంకాలము ఇంటి పెద్దమ్మ యొకామె, "పోయిన జన్మలో ఎవరి మొర ఆలకించలేదో, పసిదానికి ఈ శిక్ష పడింది" అన్నదట. మరునాడు తండ్రి నా యొద్దకు వచ్చి అడిగిన ప్రశ్న అంతకంటె పదునైనది. "మాస్టారూ, దాని పాపమా, మా పాపమా? ఏదో ఒకటి చెప్పండి, నేను మోస్తాను." ఆ వివాహము మేనరికమనియు, దానిని పట్టుబట్టి కుదిర్చినది ఆ పెద్దమ్మయే యనియు నేనెరుగుదును. ఆ మాట అనలేదు. అదృష్టమును విడిచి జన్యువును పట్టుకొని ఒకరి వంక వ్రేలు చూపుటవలన ప్రశ్న ఆధునికమైనట్లు కనబడునే గాని, అందలి క్రౌర్యము వీసమంతయు తగ్గదు.

ఆయనకు నేను చెప్పిన సమాధానము నాది కాదు, శాస్త్రమునదే. కర్మసిద్ధాంతమును నిలిపినవారు రెండు దోషములకు మిక్కిలి భయపడిరి: చేసిన కర్మ ఫలమియ్యకయే నశించుట యొకటి, చేయని కర్మకు ఫలము వచ్చి మీదబడుట రెండవది. ఈ రెండింటిలో ఏది ఒప్పుకొన్నను సిద్ధాంతమే కూలిపోవును. తండ్రి పాపమునకు కూతురు చెవులు కోల్పోయినదందుమా, ఆమె చేయనిదానికి ఆమె ఫలమనుభవించుచున్నదని యర్థము. అది రెండవ దోషము. కావున కర్మను నమ్మువాడు, ఆ నమ్మిక కారణముననే, నా పాపము నా బిడ్డకు తగిలినదని అనరాదు. అట్లనుకొనుటలో ఒక గూఢమైన అహంకారము కూడ గలదని నాకు తోచును: అందులో బిడ్డ తనకై పుట్టిన ఒక జీవి కాక, తండ్రికి విధింపబడిన శిక్షకు సాధనమాత్రముగా మిగులును. ఇక బిడ్డ పూర్వకర్మయందురా? దానిని చూచినవారెవ్వరు? చూడని వ్యాజ్యములో తీర్పు చెప్పు అధికారము పెద్దమ్మకెవ్వరిచ్చిరి? పైగా లెక్క వ్రాయదలచినచో రెండు వైపులను వ్రాయవలెను. చెవి వెనుక అమరునంత చిన్న మిషను తయారైన కాలమున పుట్టుట, నేను మోస్తాననిన తండ్రి యింట పుట్టుట, ఇవి యెవరి పుణ్యము? ఆ పద్దు ఎవరును చదువరు.

ఇతర మతములవారును ఈ ప్రశ్నను తప్పించుకొనలేదు. పుట్టుగ్రుడ్డి నొకనిని చూపి, వీడు చేసిన పాపమా, వీని తలిదండ్రులు చేసినదా యని శిష్యులు ఏసును అడిగిన ఘట్టము యోహాను సువార్తలో గలదు. ఆయన రెండును కావని చెప్పి, వెంటనే మట్టి తడిపి ఆతని కన్నులకు పూసినాడు. ఆ యుత్తరముకంటె, ఉత్తరము వెంబడి చేతులు పనికి దిగుటయే నాకు ముఖ్యముగా కనబడుచున్నది. మన చరకసంహితలోను ఇటువంటి సందర్భము విమానస్థానమున వచ్చును. ఆయువు నియతమా, అనియతమా యని అగ్నివేశుడడుగగా, అన్నియు ముందే నియతములైనచో ఔషధములతో పనియేమి యని ఆత్రేయుడు వాదించి, దుర్బలమైన దైవమును బలవంతమైన పురుషకారము అణచుననియు, బలవత్తరమైన దైవము పురుషకారమును అణచుననియు నిర్ణయించినాడు. యోగవాసిష్ఠము ఇంకను ముందునకు పోయి, ప్రాక్తన పౌరుషము, అద్యతన పౌరుషము అను రెండు పొట్టేళ్ళను కొమ్ములు కలిపి పోరాడించినది. ఏ పొట్టేలు గెలుచునో ముందుగా చెప్పుట సాధ్యము కాదు. కాని ఒక దానికి మాత్రమే మనము మేత వేయగలము.

ఇందులో కాలముయొక్క పాత్ర గొప్పది. పుట్టిన నెలలోపల వినికిడి పరీక్షయు, మూడు నెలలలోపల రోగనిర్ణయమును, ఆరు నెలలలోపల మిషనో వేరొక సాధనమో అమర్చుటయు జరుగవలెనని శ్రవణవైద్యులందరును చెప్పుచున్నారు. ఏలయన, మాటను గ్రహించు స్థానమునకు తొలి యేండ్లలో ధ్వని అందనిచో మెదడు ఆ స్థానమును ఇతర పనులకు అప్పగించివేయును. గుమాస్తాగారి తల్లి తిరుమలకు మొక్కుకొన్నది. కొండకు పోయి తలనీలాలు సమర్పించి వచ్చిన తరువాతగాని చెవిలో ఏమియు పెట్టరాదని ఆమె పట్టు. ఇందులో విరోధమేమియు లేదనియు, మొక్కు ఆలస్యమైనచో వడ్డికాసులవాడు వడ్డితో సహా పుచ్చుకొని ఊరకుండుననియు, శ్రవణనాడి అట్టి వాయిదాల కొప్పుకొనదనియు నేనన్నప్పుడు ఆమె నవ్వినది. నవ్వినది గాని, మంగళవారమునాడు మాత్రము ప్రయాణము కట్టనియ్యలేదు.

ఇక మిషను మాట. తండ్రి మొదట ఎక్కిన దుకాణమునందు బిడ్డ ముఖము చూడకయే ఛానళ్ళ లెక్క చెప్పినారట: ఇది పదహారు ఛానళ్ళది, ఇది ఇరువది ఛానళ్ళది, దీనిలో ఫోను పాటలు కూడ వచ్చును. ధర వేలతో మొదలై లక్షలు దాటినది. లక్షల మిషను కొననివాడు బిడ్డపై ప్రేమ లేనివాడను భావము ఆ సంభాషణలో ఎక్కడను పైకి రాకయే గది యంతయు నిండినదని ఆయన చెప్పినాడు. సరియైన సాధనమేది యను ప్రశ్న ఇక్కడ ధర్మమీమాంసగా మారుచున్నది. ప్రేమను ధరతో కొలువరాదని చెప్పుట సులభమే. దేనితో కొలువవలెనో చెప్పుట కష్టము.

రెండవచోట కలిసిన ఆడియాలజిస్టు ఒక యువతి. ఆమె మిషనులను బయటికి తీయకముందే బిడ్డ చెవిలో చిన్న దూదియుండకు దారము కట్టి పెట్టి, గులాబిరంగు ముద్దను పిచికారితో నింపి, అది గట్టిపడువరకు కథ చెప్పుచు కూర్చున్నది. ఆ అచ్చు ననుసరించి మెత్తని సిలికానుతో మోల్డు తయారగును. పసిబిడ్డ చెవి నెలనెలకు పెరుగును గనుక కొన్ని మాసములకొకసారి మోల్డు మార్చవలెను; వదులైనచో ధ్వని బయటికి కారి, మరల మైకులో దూరి, మిషను కూయును. తల్లి ఎత్తుకొని భుజమున ఆనించుకొన్నప్పుడెల్లను ఆ కూత వచ్చినచో విసిగిన తల్లి మిషనునే తీసి పెట్టెలో పెట్టును. వేల రూపాయల సాధనము కొలది గ్రాముల బరువైన ఒక అచ్చు లోపము వలన వ్యర్థమగును. రెండవ సంగతి: పెద్దవారి చెవికంటె పసివారి చెవిగొట్టము మిక్కిలి చిన్నది గావున అదే మిషనునుండి వెలువడు ధ్వని అందులో ఎక్కువ ఒత్తిడితో పడును, కంప్యూటరు చెప్పిన లెక్కను నమ్మి ఊరకుండక సన్నని గొట్టమును చెవిలో నుంచి నిజముగా ఎంత చేరుచున్నదో కొలిచి చూడవలెను. ఈ కొలత లేని ఇరువది ఛానళ్ళకంటె, కొలిచి అమర్చిన సామాన్యమైన మిషను మేలని ఆమె చెప్పినది. రెండు చెవులకును రెండు కావలెను. బ్యాటరీ తలుపునకు పిల్లలు తీయలేని తాళముండవలెను. ఆ బిళ్ళను మ్రింగినచో అన్నవాహిక కాలిపోవచ్చును. రాత్రి తేమ పీల్చు గుళికల డబ్బాలో మిషనును భద్రపరుపవలెను. మన కోస్తా ఉక్కలో ఇది తప్పనిసరి. వైరాగ్యమునకును, విలాసమునకును నడుమనున్న యీ వివేకమునే నేను ధర్మమనదలచినాను. బిడ్డ చెవి కొలతకు తండ్రి ఆశ యొదుగుట అందులోని మొదటి మెట్టు.

మిషను పెట్టిన క్షణమున బిడ్డ తల్లి గొంతు విని నవ్వునని చూపుట సినిమావారి అలవాటు. ఈ పిల్ల, వంటింటిలో స్టీలు పళ్ళెము క్రింద పడగానే ఉలికిపడి ఏడ్చినది. ఆ తరువాత కొన్ని దినములు మిషనును పీకి ఒకసారి పప్పుగిన్నెలోను, ఒకసారి తులసికోటలోను వేసినది. నేనా సమయమున మీమాంసకులను జ్ఞాపకము చేసికొంటిని. శబ్దము పుట్టునది కాదు, నిత్యముగా నున్నదే వ్యక్తమగునని వారును, కాదు, పుట్టి నశించునని నైయాయికులును శతాబ్దములు పోరాడినారు. వాదమున నైయాయికుల పక్షమే బలమైనదని నేను ఎన్నడో నిశ్చయించుకొన్నాను. అయినను ఫంకా చప్పుడు, ఆకులు కదలు చప్పుడు, తన పట్టీల చప్పుడు, తాను పుట్టకముందునుండి ఆ యింటిలో నున్నవన్నియు ఒక్కొక్కటిగా ఆ పిల్లకు వ్యక్తమగుట చూచినపుడు, మీమాంసకుడు ఊరక మాటాడలేదనిపించినది.

అయితే చెవికి చేరిన ధ్వని యంతయు వినికిడి కాదు. మిషను పెంచుటయే ఎరుగును. ఏది అమ్మ మాట, ఏది మిక్సీ రొద యని పూర్తిగా వేరుచేయుట ఎంత ఖరీదైన యంత్రమునకును చేతగాదు. ఆత్మ మనస్సుతోను, మనస్సు ఇంద్రియముతోను, ఇంద్రియము విషయముతోను కూడినపుడే ప్రత్యక్షమని తార్కికులు చెప్పిన వరుసలో మిషను సాయపడునది చివరి కూడిక యొక్కదానికే. మనస్సు వేరొకచోట నుండినందున నేను వినలేదని లోకులనుట బృహదారణ్యకము కూడ గుర్తించినది. ఆ మనస్సును శబ్దము వైపునకు త్రిప్పు పని తలిదండ్రులది, శిక్షకులది. ప్రతి యుదయమును తల్లి నోటికి చేయి అడ్డము పెట్టుకొని ఆ, ఊ, ఈ, మ్, శ్, స్ అను ఆరు ధ్వనులను పలుకును. విన్నప్పుడెల్ల పిల్ల ఒక చింతగింజను డబ్బాలో వేయవలెను. దిగువ ధ్వనులనుండి ఎగువ ధ్వనులవరకు మాటకు కావలసిన పరిధి యంతయు ఆ ఆరింటిలో ఇమిడియున్నది. డేనియల్ లింగ్ అను ఆచార్యుడేర్పరచిన పరీక్ష యిది. సంధ్యావందనమువలె నాగా లేకుండ జరుగుచున్నది. స్ అన్నప్పుడు గింజ పడని దినమున మిషనును చూపించుకొని రావలెను.

ఇంతవరకు చెప్పినదంతయు వినికిడి కావలెనను పక్షము. ఇక వినికిడి లేనిచో మనుష్యత్వమునకేమైనను కొరత కలదా? ఛాందోగ్యమున ఇంద్రియములు తమలో ఎవరు శ్రేష్ఠులని తగవులాడుకొని ఒక్కొక్కటే శరీరమును విడిచి సంవత్సరకాలము పోయి వచ్చు కథ యున్నది. శ్రోత్రము తిరిగివచ్చి, నేను లేక ఎట్లు బ్రతికితిరని అడుగగా, చెవిటివారు బ్రతుకునట్లే, ప్రాణముతో ఊపిరి తీయుచు, వాక్కుతో మాటాడుచు, కన్నుతో చూచుచు, మనస్సుతో ఆలోచించుచు బ్రతికితిమని తక్కినవి చెప్పినవి. శ్రోత్రము మారుమాటాడక లోపల ప్రవేశించినది. చెవిటివాని జీవితము సంపూర్ణ జీవితమేయని ఉపనిషత్తు ఇంత నిరాడంబరముగా ఒప్పుకొనియుండగా, స్మృతికారుడైన మనువు మాత్రము పుట్టుచెవిటికిని మూగకును దాయభాగము లేదని తొమ్మిదవ అధ్యాయమున వ్రాసి, వారిని పోషింపవలెనని మాత్రము చేర్చినాడు. ఆ నిషేధమును తొలగించుటకు 1928లో శాసనసభ చట్టము చేయవలసివచ్చినది. ఉపనిషత్తును పూజామందిరములో నుంచి, స్మృతిని కచ్చేరికి తీసికొనిపోవుట మనకు పాత అలవాటు.

ఉపనిషత్తు చెప్పిన చెవిటివాడు వాక్కుతో మాటాడుచున్నాడు. అనగా మాట నేర్చిన పిదప చెవిటియైనవాడు. పుట్టుచెవిటి బిడ్డకు ఆ వాక్కే ఎట్లు వచ్చునన్నది ప్రశ్న. చెవి మార్గము మిషనుతోనో, అది చాలనప్పుడు కాక్లియర్ ఇంప్లాంటు శస్త్రచికిత్సతోనో తెరచుకొనవచ్చును. మన రాష్ట్రమున ఆరోగ్యశ్రీ వచ్చిన తరువాత పేదల బిడ్డలకును ఆ శస్త్రచికిత్స అందినది. కన్నుల మార్గమున సైగభాష కలదు. అది వ్యాకరణము గల సంపూర్ణమైన భాష. మిషను పెట్టిన పిల్లతో చేతులు కదపరాదు, కదిపినచో మాట రాదు అని తండ్రికి ఒకరు గట్టిగా చెప్పిరి. నేనీ మాటను ఒప్పుకొనను. స్నానమునకు మిషను తీయవలెను, నిద్రకు తీయవలెను, బ్యాటరీ అయిపోవును, చెవికి చీము పట్టును. ఆ వేళలలో బిడ్డను భాష లేని చీకటిలో వదలుట ఏ ధర్మమున సమ్మతము? రెండు ద్వారములున్న యింటికి ఒక ద్వారము మూయుమనువారు ఆ యింటిలో ఉండవలసినవారు కారు.

చెవిటివాని ముందు శంఖమూదినచో, దానిని కొరుకుట నీ తాత తరము కూడ కాదన్నాడని మనవారు నవ్వుకొందురు. ఆ సామెతలోని చెవిటివాడు నాకెప్పుడును బుద్ధిహీనుడుగా తోచలేదు. తెల్లని గట్టి వస్తువును నోటికానించి, బుగ్గలు ఉబ్బించి, కన్నులెఱ్ఱ జేసికొనుచున్న మనుష్యుని చూచి, వీడు దీనిని కొరుక యత్నించుచున్నాడని అనుమానించుట సహజమైన అనుమానమే. హేతువు సరిగానే యున్నది, వ్యాప్తియందు మాత్రము అతనికొక సమాచారము కొరవడినది. తప్పు ఊదినవానిది. మార్గశిరపు చలిలో ధనుర్మాసమున నాలుగు గంటలకే గుడి మైకులు నాలుగు దిక్కులకు పెట్టి వినగల చెవులను కూడ మొద్దుబార్చు మన భక్తి కూడ ఇటువంటి శంఖమేనేమో యని అప్పుడప్పుడు తోచును. చెవులున్నవారికే శ్రవణభక్తి యని గుమాస్తాగారి తల్లి దిగులుపడినది. ప్రహ్లాదుడు తండ్రికి చెప్పిన తొమ్మిది మార్గములలో శ్రవణము మొదటిదే గాని, తక్కిన యెనిమిదింటికి అది తాళముచెవి యని ఆ బాలుడు చెప్పలేదు.

ఆ పిల్ల పెరిగి పెద్దదై, ఈ మిషను నాకు వద్దని అన్నను అనవచ్చును. వినువారి గుంపులో సగము వినుచు అలసిపోవుటకంటె సైగలాడు స్నేహితుల నడుమ పూర్తిగా మాటాడుట మేలని ఎంచినను ఎంచవచ్చును. ఈ సంగతి నేను ప్రస్తావించినపుడు తండ్రి చాలసేపు ఊరకుండి, "అది అలా అనడానికైనా దానికి మాట రావాలి కదండీ" అన్నాడు. ఎంచుకొను అధికారము బిడ్డదే. ఎంచుకొనుటకు రెండు మార్గములు మిగిల్చి యుంచుట మాత్రము ఆయన వంతు, అది వాయిదా వేయదగినది కాదు. ప్రస్తుతము పిల్ల చెవులు పెరిగినవి, మోల్డులు వదులైనవి, ఎత్తుకొన్నప్పుడు కూత మరల మొదలైనది. మిల్లులో సెలవు చీటీ వ్రాసి యిచ్చి, బుధవారము ఉదయపు బస్సునకు నగరము పోవుటకు వారు సిద్ధపడుచున్నారు.